తాతయ్య వేయని రెండు మార్కులు

ఓవెన్ లోపల పసుపు దీపం వెలుగుతోంది. మియెన్ వంటింట్లో నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, అద్దంలోంచి లోపలికి చూస్తోంది.

లోపల పన్నెండు చికెన్ ముక్కలున్నాయి. ఒక్కోటీ బొటనవేలంత ఉంటుంది. అన్నిటికీ ఒళ్ళంతా పచ్చ అటుకులు అంటుకుని ఉన్నాయి. ఆ వెలుగులో అవి చికెన్ ముక్కల్లా కనిపించలేదు, నాచు పట్టిన గులకరాళ్ళలా కనిపించాయి. వాటి మధ్య నుంచి సన్నటి దారి ఒకటి పోతోందని, దారి చివర ఎవరో దీపం పెట్టుకుని తన కోసం చూస్తున్నారని మియెన్‌కి అనిపించింది. ఆ దారిన నడిచి చాలా దూరం వెళ్ళిపోయింది కూడా.

"మియెన్, ఓవెన్‌కి అంత దగ్గరగా కూర్చోకు," అంది అమ్మ. ఆ మాట అనడం అది మూడోసారి.

మియెన్‌కి పదేళ్ళు. ఉన్నచోట ఉన్నట్టే ఎటో వెళ్ళిపోవడం ఆ పిల్లకి అలవాటు. మూడుసార్లు పిలిస్తే గానీ తిరిగి రాదు.

కిటికీలోంచి ఏడాకుల పాల పూల వాసన వస్తోంది. మా హనోయ్‌లో ఆ వాసన మొదలైందంటే ఇక స్వెటర్లు బయటికి తీయాల్సిందే. పచ్చ అటుకులమ్మే వాళ్ళు సైకిళ్ళ మీద తిరిగే రోజులు కూడా అవే. లేత వరి గింజలు వేయించి, దంచి, తామరాకులో చుట్టి, గడ్డిపోచతో కట్టి ఇస్తారు. ఈ ఏటికి ఆఖరి పొట్లం అమ్మ కొన్నది. నీడన రెండు రోజులు ఆరబెట్టి చూస్తే సరిగ్గా పన్నెండు ముక్కలకి సరిపోయాయి. పదమూడో ముక్కకి లేవు.

అందుకే పొద్దున్నుంచీ మియెన్ ఆ ముక్కలకి కాపలా కాస్తోంది. అమ్మ ఒకటి రుచి చూస్తానంటే కుదరదంది. మధ్యాహ్నం మూడింటికి బడిలో 'మా ఇంటి వంట' ఉంది మరి.

న్యాన్ టీచర్ వారం ముందే చెప్పింది. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక వంట చేసి తేవాలి. నూనె తక్కువ ఉండాలి, ఒంటికి మంచిదై ఉండాలి. ఎందుకు చేశారో, ఎలా చేశారో నోటుబుక్కులో రాయాలి. "అన్నీ నేను చమ్ చేస్తాను," అంది టీచర్.

మా భాషలో చమ్ అనే మాట చిన్నదే గానీ దాని చేతిలో చాలా పనులున్నాయి. ముక్కని సాస్‌లో ముంచుకుంటే చమ్. నోటుబుక్కు దిద్ది మార్కులు వేస్తే చమ్. వాక్యం చివర చుక్క పెడితే అదీ చమ్. టీచర్ ఏ చమ్ గురించి అన్నదో క్లాసులో ఎవరూ అడగలేదు. మియెన్‌కి మాత్రం మార్కులే వినిపించాయి. వారం రోజులుగా ఆ పిల్ల చెవులకి వేరే ఏమీ వినిపించడం లేదు. "నిన్ను పిలవాలంటే పేరు బదులు పదికి పది అని పిలవాలేమో," అని పక్క బెంచీ క్వే ఏడిపించింది కూడా.

ఓవెన్ గంట మోగింది. అమ్మ గుడ్డతో పట్టుకుని ట్రే బయటికి తీసింది. అటుకులు బంగారు పచ్చగా కరకరలాడుతున్నాయి. అల్లం, మిరియాలు, పచ్చ వరి కలిసిన వాసన వంటిల్లు దాటి, హాలు దాటి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్న తాతయ్య దాకా వెళ్ళింది.

తాతయ్య నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాడు. రిటైరై పదకొండేళ్ళయినా ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉండాల్సిందే. పెళ్ళి శుభలేఖ వచ్చినా ముందు అందులో తప్పులు దిద్ది, ఆ తర్వాతే ఎవరి పెళ్ళో చూస్తాడు. వేసవిలో ఆయనకి గుండె నొప్పి వచ్చి రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. నూనె, ఉప్పు తగ్గించాలన్నాడు డాక్టరు. అప్పటి నుంచి తాతయ్యకి అమ్మ విడిగా వండి, విడిగా పెడుతోంది.

మా ఇళ్ళలో ఎవరి అన్నం గిన్నె వాళ్ళదే. కానీ సాస్ గిన్నె మాత్రం ఒకటే. ఉప్పులో ఊరవేసిన చేపల ఊటలో నీళ్ళు, నిమ్మరసం, పంచదార కలిపి, వెల్లుల్లి, మిరపకాయ తరిగి వేసి, అందరికీ మధ్యన పెడతారు. కూరైనా, కోడైనా, చేపైనా అందరూ ఆ గిన్నెలోనే ముంచుకుంటారు. వేసవి నుంచి తాతయ్యకి ఆ గిన్నె లేదు. అలవాటు కొద్దీ ఒక్కోసారి ఆయన చాప్‌స్టిక్స్ మధ్యలోకి వెళ్ళి, సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చేస్తాయి. అప్పుడు అమ్మ తల దించుకుంటుంది. ఆ సమయానికి మియెన్ ఎక్కడో తిరుగుతుంటుంది కాబట్టి చూడదు.

వాసన పట్టుకుని తాతయ్య నెమ్మదిగా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వస్తూ వస్తూ బల్ల మీది డబ్బాలోంచి చాప్‌స్టిక్స్ తీసుకున్నాడు. అవి చేత్తో పట్టుకుని ట్రే వైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నపిల్లాడు పుట్టినరోజు కేకు ముందు నిలబడితే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"మియెన్, నేనోసారి చమ్ చేయనా?" అన్నాడు.

మియెన్ ముఖం వెలిగిపోయింది. తనకి ముందే తట్టనందుకు తనని తానే తిట్టుకుంది. నలభై ఏళ్ళు మార్కులు వేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తను వారం రోజులుగా ఊరికే బెంగ పెట్టుకుంది. పరుగెత్తుకెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. తాతయ్య జేబులోంచి ఎర్ర పెన్ను తీసింది. పెన్ను పట్టుకోవడానికి ఆయన చేయి ఖాళీగా లేదు. ఆ చేతిలో చాప్‌స్టిక్స్ ఉన్నాయి. మియెన్ వాటిని తీసి పక్కన పెట్టి, ఆ చేతిలో పెన్ను పెట్టింది.

"తప్పులుంటే చెప్పండి తాతయ్యా. టీచర్ చూసేలోగా దిద్దుకుంటాను," అంది.

తాతయ్య పెన్ను వైపు చూశాడు. ట్రే వైపు చూశాడు. తర్వాత మనవరాలి వైపు చూశాడు. చిన్నగా నవ్వి, నోటుబుక్కు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

మియెన్ ముక్కల్ని స్టీలు డబ్బాలో వరసగా సర్దింది. సాస్‌ని మూత బిగించిన సీసాలో పోసింది. వెల్లుల్లి, మిరప ముక్కలు సీసా అడుగున మట్టిలా కూర్చున్నాయి. ఎందుకలా మునిగిపోయాయో తెలియలేదు. టీవీ వంటల్లో అయితే పైన తేలుతుంటాయి. రెండు మూడు సార్లు సీసా ఊపి చూసి వదిలేసింది.

తాతయ్య నోటుబుక్కు మూసి చేతికిచ్చాడు. ఎన్ని మార్కులని అడిగితే ఎనిమిదన్నాడు.

"పదికి ఎనిమిదా? మిగతా రెండూ ఏమయ్యాయి తాతయ్యా?"

"లోపల రాశాను. తీరిగ్గా చదువుకో."

తీరిక ఎక్కడిది? కింద అమ్మ స్కూటర్ హారన్ కొడుతోంది. మియెన్ మూతి ముడుచుకుని నోటుబుక్కుని సంచిలో పడేసి మెట్లు దిగింది.

దారంతా ఏడాకుల పాల పూలు రాలుతున్నాయి. డబ్బా ఒళ్ళో వెచ్చగా ఉంది. మియెన్ అమ్మ వీపుకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. చెరువు మీద పొగమంచులోంచి ఒక పెద్ద పది అంకె పడవలా తేలుతూ వచ్చింది. అందులో ఎక్కి కూర్చుంది. బడి వచ్చేసిందని అమ్మ రెండుసార్లు చెప్పాక దిగింది.

క్లాసులో బల్లలన్నీ కలిపి వేసి, మీద కాగితాలు పరిచారు. ఉడకబెట్టిన రొయ్యలు, గుమ్మడి సూపు, ఆవిరి మీద చేసిన చేప, ఇలా ఏవేవో ఉన్నాయి. క్వే తెచ్చిన వరిపిండి రేకుల్లో కూర పెట్టి చుట్టిన చుట్టల్లో మూడు అప్పుడే కనిపించడం లేదు, వాటి గురించి క్వేని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తోంది. న్యాన్ టీచర్ ఒక చేత్తో చాప్‌స్టిక్స్, ఇంకో చేత్తో ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరికీ వస్తోంది. ముందు నోటుబుక్కు పైకి చదువుతుంది. తర్వాత ముంచుకుని తింటుంది. తర్వాత మార్కులు వేస్తుంది. మొత్తానికి టీచర్ రెండు చమ్‌లూ చేస్తోందన్న మాట.

మియెన్ వంతు వచ్చింది. టీచర్ నోటుబుక్కు తెరిచి చదవడం మొదలుపెట్టింది.

"'ఈ వంట ఎందుకు ఎంచుకున్నాను? మా తాతయ్యకి వేయించిన కోడి అంటే ప్రాణం. కానీ ఆయన నూనె తినకూడదు. అందుకని కోడి ముక్కల్ని పచ్చ అటుకుల్లో దొర్లించి ఓవెన్‌లో కాల్చాను. ఇది మా తాతయ్య కోసం చేశాను.'"

పిల్లలు చప్పట్లు కొట్టారు. మియెన్ బల్ల కింద వేళ్ళు ముడిచి పట్టుకుంది. టీచర్ పేజీ తిప్పి ఆగింది. అక్కడ పాతకాలపు గుండ్రటి దస్తూరీలో ఎర్ర సిరా ఉంది. ఎవరు దిద్దారని అడిగితే, మా తాతయ్యే అని మియెన్ గర్వంగా చెప్పింది. టీచర్ అదీ పైకి చదివింది.

"'చేతిరాతకి రెండు. కొలతలకి రెండు. పద్ధతికి రెండు. ఎందుకు చేశావో చెప్పినందుకు రెండు. సాస్‌లో వెల్లుల్లి, మిరప ఆఖర్న వేయాలి, అప్పుడే తేలతాయి. రుచికి...'" టీచర్ గొంతు కొంచెం తగ్గింది. "'రుచికి: ఇంకా చమ్ చేయలేదు. కాబట్టి వేయలేను.'"

టీచర్ తలెత్తి, "మీ తాతగారు ఇంకా తినలేదా?" అంది.

ఆయన అడగలేదు టీచర్, అని చెబుదామని మియెన్ నోరు తెరిచింది. అప్పుడు వంటింటి గుమ్మం కళ్ళ ముందుకొచ్చింది. గుమ్మంలో తాతయ్య. ఆయన చేతిలో చాప్‌స్టిక్స్. వాటిని తీసి పక్కన పెట్టిన చేయి తనదే.

మియెన్ చెవులు సిగ్గుతో వేడెక్కాయి. వారం రోజులుగా ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చింది, ఎన్ని పడవలెక్కింది, కానీ నాలుగడుగుల దూరంలో నిలబడి ఒక్క ముక్క అడిగిన తాతయ్యని చూడలేదు. ఆ ముక్కలు ఆయన కోసమని నోటుబుక్కులో అందంగా రాసి, ఆయనకి తప్ప అందరికీ పెట్టడానికి బడికి మోసుకొచ్చింది.

టీచర్ చాప్‌స్టిక్స్ డబ్బా దగ్గరికి వచ్చాయి. మియెన్ డబ్బా మూత పెట్టేసింది.

"టీచర్, ఇవి ముందు మా తాతయ్య చమ్ చేయాలి," అంది.

"మరి మార్కులు?"

"సోమవారం నోటుబుక్కు తెస్తాను. అప్పుడు ఎన్నొస్తే అన్నే."

 టీచర్ చాప్‌స్టిక్స్ వెనక్కి తీసుకుని, పట్టికలో మియెన్ పేరు పక్కన గడి ఖాళీగా వదిలేసింది.

"ఒక్కటైనా ఇవ్వవా? దీని కోసం పొద్దున్నుంచీ కడుపు ఖాళీగా ఉంచుకున్నాను," అని క్వే గొణిగింది. మూడు చుట్టలు తిన్న కడుపు అది. మియెన్ కళ్ళలో నీళ్ళు చూసి మళ్ళీ తనే ఒక చుట్ట తీసి చేతిలో పెట్టింది. "ఏడిచేదేదో తిని ఏడువు," అంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాతయ్య బాల్కనీలో కునికిపాట్లు పడుతున్నాడు. మియెన్ చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళి, అమ్మకి జరిగింది చెప్పింది. తాతయ్య సాస్ ఎంత తినొచ్చని అడిగింది.

అమ్మ ఆకుకూర కడుగుతోంది. కొళాయి కట్టేసింది.

"డాక్టరు తగ్గించమన్నాడు, మానేయమనలేదు. నేనే భయపడి మాన్పించేశాను," అంది. "మామయ్యగారికి మళ్ళీ ఏమైనా అయితే ఎలా అని."

ఆ మాట చెప్పడానికి అమ్మకి కష్టమైంది. మియెన్ వెళ్ళి అమ్మ నడుముని పట్టుకుని నిలబడింది. కాసేపయ్యాక అమ్మ తడి చేతులు తుడుచుకుని, తాతయ్యకి విడిగా చిన్న గిన్నెలో పల్చగా కలిపి ఇద్దామంది.

మియెన్ తల అడ్డంగా ఊపింది. "విడిగా వద్దమ్మా. మనందరికీ తాతయ్య సాసే చేద్దాం."

బడికి తీసుకెళ్ళిన సీసాని పక్కన పెట్టేశారు. అమ్మ చేపల ఊటని చిన్న చెంచాతో కొలిచి పోసింది, చెంచా నిండకుండానే ఆపింది. మియెన్ గోరువెచ్చటి నీళ్ళు పోసింది. నిమ్మకాయ పిండి, కాస్త పంచదార వేసి, గింజ మిగలకుండా కరిగేదాకా తిప్పింది. ఉప్పు తగ్గిన చోటు నింపడానికి అల్లం తురిమి వేసింది. అన్నీ కలిశాక, ఆఖర్న, వెల్లుల్లీ మిరపా చల్లింది.

తేలాయి. ఎర్రవీ తెల్లవీ, గిన్నె నిండా, ఒకదాన్నొకటి మెల్లగా రాసుకుంటూ తిరుగుతున్నాయి. మియెన్ వంగి వాటిని చూస్తూ ఉండిపోయింది. ఆ నీళ్ళలో ఒక చిన్న రాత్రి ఉంది, అందులో చుక్కలున్నాయి, వాటి కింద ఎవరో పడవ వేసుకుని పోతున్నారు. మియెన్ ఆ పడవ ఎక్కబోయి ఆగింది. తలెత్తి, తాతయ్య లేచాడేమోనని బాల్కనీ వైపు చూసింది.

పన్నెండు ముక్కల్నీ మళ్ళీ ఓవెన్‌లో పెడితే అటుకులు తిరిగి కరకరలాడాయి. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప మీద గుండ్రటి పళ్ళెం చుట్టూ అందరితో పాటు కూర్చున్నాడు. వేలితో సాస్ నాకి చూసి, "ఇందులో చేప ఈదిందా, పక్క నుంచి నడిచి వెళ్ళిపోయిందా?" అన్నాడు. అమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. చాలా బాగుందని నాన్న వెంటనే ఒప్పుకున్నాడు.

తాతయ్య వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. తనకి విడిగా పెట్టే కూర గిన్నె కోసం చూశాడు. అది కనిపించలేదు. మధ్యలో ఒకే ఒక సాస్ గిన్నె ఉంది. ఆయన ముందు నోటుబుక్కు ఎర్ర సిరా ఉన్న పేజీ దగ్గర తెరిచి ఉంది.

భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళందరినీ పేరుపేరునా తినమని పిలవాలి. రోజూ మియెన్ తాతయ్య భోంచేయండి, నాన్నా భోంచేయి, అమ్మా భోంచేయి అని ఒక్క గుక్కలో గొణిగేసి గిన్నె అందుకుంటుంది. ఈ రోజు నిటారుగా కూర్చుంది. సాస్ గిన్నెని రెండు చేతులతో తాతయ్య వైపుకి కాస్త జరిపింది.

"తాతయ్యా, చమ్ చేయండి," అంది.

తాతయ్య చేయి అలవాటుగా జేబులోని పెన్ను మీదికి వెళ్ళింది. మియెన్ ఆ చేతిని పట్టుకుని ఆపి, దాంట్లో చాప్‌స్టిక్స్ పెట్టింది.

తాతయ్య ఒక పచ్చ ముక్కని తీసుకున్నాడు. చాప్‌స్టిక్స్ మధ్యలోకి వెళ్ళాయి. సగం దారిలో ఒక్క క్షణం ఆగాయి. ఆయన కోడలి వైపు చూశాడు. అమ్మ తల దించుకోకుండా, "తీసుకోండి మామయ్యగారూ," అంది. ముక్క సాస్‌లో మునిగి తేలింది. నోటి దాకా తీసుకెళ్తుంటే ఒక బొట్టు జారి నోటుబుక్కు మీద పడింది.

అటుకులు కరకరమన్న చప్పుడు అందరికీ వినిపించింది. తాతయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. ఈసారి ఎటో వెళ్ళిపోయింది ఆయన. తిరిగి వచ్చేదాకా మియెన్ ఆయన్నే చూస్తూ కూర్చుంది.

కళ్ళు తెరిచి, "తేలుతున్నాయే," అన్నాడు గిన్నెలోకి చూస్తూ. ఇంకో ముక్క తీసుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు జతల చాప్‌స్టిక్స్ ఆ గిన్నెలో ఒకదాన్నొకటి తగులుతూనే ఉన్నాయి. మార్కుల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సోమవారం పొద్దున మియెన్ నోటుబుక్కు టీచర్ బల్ల మీద పెట్టింది. టీచర్ ఎర్ర పెన్ను మూత తీసి, పేజీ తెరిచింది. 'రుచికి' అన్న మాట పక్కన అంకె లేదు. కందిగింజంత గోధుమరంగు మరక ఒకటి గుండ్రంగా ఆరిపోయి ఉంది. వెల్లుల్లి వాసన ఇంకా పోలేదు.

"ఇక్కడ మార్కులేవి? ఈ చుక్కేంటి?" అంది టీచర్.

"అదే టీచర్," అంది మియెన్. "మా తాతయ్య చమ్ చేశాడు."

టీచర్ ఏమీ రాయకుండా పెన్నుకి మూత పెట్టేసింది.